పాత టర్బో పెట్రోల్ కారుకు ఏ స్పార్క్ ప్లగ్గులు కొనాలి?

సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ బండి కొన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "ఇరిడియం వేయించమంటారా, మామూలువి సరిపోతాయా?" ప్లగ్గు కొన ఇరిడియమా, ప్లాటినమా, నికెలా అన్నది నిజానికి చివర తేల్చాల్సిన సంగతి. ముందు చూడాల్సింది హీట్ రేంజ్ (ప్లగ్గు కొన వేడిని ఎంత త్వరగా వదులుతుందో), దాని తర్వాత గ్యాప్ (స్పార్క్ దూకాల్సిన దూరం). ఈ రెండూ కుదిరితే షాపులో అన్నిటికన్నా చవకగా దొరికే ప్లగ్గుతో కూడా టర్బో ఇంజిన్ హాయిగా నడుస్తుంది. ఇవి తప్పితే ఎంత ఖరీదైనవి వేసినా, ఓవర్‌టేక్ కోసం మూడో గేర్‌లో ఫుల్లుగా తొక్కిన క్షణంలోనే బండి కుక్కుకుంటూ మిస్సింగ్ కొడుతుంది. లారీ పక్కన సగం దూరం వచ్చాక అలా జరిగితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అన్ని కార్లనూ కలిపి చెబితే ఎవరికీ పనికిరాదు కాబట్టి ఒక ఇంజిన్ పట్టుకుని చెబుతాను. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువాళ్ల పాత 1.8టీ, 1781 సీసీ, సిలిండర్‌కు ఐదు వాల్వుల చొప్పున మొత్తం ఇరవై. మన దగ్గర 2000ల మధ్యలో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌లో ఉన్నది ఇదే, 150 హార్స్‌పవర్‌తో. అమెరికాలో చదువుకుంటూ తక్కువకు దొరికిందని పాత జెట్టా, పస్సాట్, ఆడి ఏ4 కొన్న మనవాళ్లలో చాలామంది బానెట్ కింద ఉన్నదీ ఇదే. మీ బండి వేరేదైనా ఆలోచించే తీరు ఒకటే, నంబర్లు మాత్రం మారతాయి.

ముందు మీ బండి ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తేల్చుకోండి

మాన్యువల్‌లో రాసిన ప్లగ్గు కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజున ఉన్న కారుకు సరిపోయేది. మీ చేతికొచ్చేసరికి ఆ కారు ఇద్దరు ముగ్గురు ఓనర్లను చూసి ఉంటుంది, వాళ్లలో ఎవరో ఒకరు రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి ఉంటారు, ఆ సంగతి అమ్మేటప్పుడు చెప్పి ఉండరు. అది తెలియకుండా ప్లగ్గు ఎంచుకోవడం కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడమే.

తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. ఈ ఇంజిన్‌కు వీసీడీఎస్ లాంటి స్కానర్ తగిలించి 115వ మెజరింగ్ బ్లాక్ తెరిస్తే కంప్యూటర్ ఎంత బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) అడుగుతోందో, టర్బో ఎంత ఇస్తోందో రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. అక్కడ కనిపించేది మిల్లీబార్లలో, బయటి వాతావరణ పీడనం కూడా కలిపి. అంటే సుమారు 1000 అంటే బూస్ట్ సున్నా. ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు కూర్చుని చూస్తుండగా, మూడో గేర్‌లో ఒకసారి పూర్తిగా తొక్కండి. 150 హార్స్‌పవర్ బండిలో అడిగే అంకె 1500, 1700 మధ్య తిరుగుతుంటే బండి స్టాక్‌గానే, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నట్టు. 2000 దాకా వెళ్తోందంటే ఎవరో చెయ్యి పెట్టారు.

అదే స్కానర్‌లో 14, 15, 16 బ్లాకుల్లో మిస్‌ఫైర్ లెక్క, అంటే ఎన్నిసార్లు మంట అంటుకోలేదో ఉంటుంది, సిలిండర్ల వారీగా. చెక్ ఇంజిన్ లైటు వెలగకముందే అక్కడ అంకెలు పెరగడం మొదలవుతుంది. కొత్త ప్లగ్గులు కొనకముందు ఆ అంకెలు ఒకసారి ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

హీట్ రేంజ్

దీని మీద ఉన్నన్ని అపోహలు ఇంకెక్కడా ఉండవు. "హాట్ ప్లగ్గు వేస్తే గట్టి స్పార్క్ వస్తుంది" అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. స్పార్క్ బలానికీ హీట్ రేంజ్‌కీ ఏ సంబంధమూ లేదు. ప్లగ్గు కొనకు తగిలే వేడి ఎంత త్వరగా హెడ్‌లోకి దిగిపోతుందో చెప్పేదే హీట్ రేంజ్. మధ్యలో ఎలక్ట్రోడ్ చుట్టూ తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది చూడండి, అది పొడుగ్గా, సన్నగా ఉండి లోపల లోతుగా ఉంటే వేడి బయటికి పోవడానికి దూరం ఎక్కువ, కొన వేడిగానే ఉండిపోతుంది, అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి తొందరగా దిగిపోతుంది, అది కోల్డ్ ప్లగ్గు.

ఆ కొన కనీసం 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దానిమీద పడిన మసి తనంతట తాను కాలిపోతుంది. 800 దాటి 900 వైపు పోతే స్పార్క్ రాకముందే ఆ ఎర్రగా కాలిన కొనే పెట్రోల్‌ను అంటించేస్తుంది. ప్రీ ఇగ్నిషన్ అనేది అదే, పిస్టన్‌కు బొక్క పెట్టగలిగినది కూడా అదే. టర్బో బండికి ఈ పైహద్దు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది, ఎందుకంటే సిలిండర్‌లోకి ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్ పోతున్నాయి, వేడీ ఎక్కువే. హీట్ రేంజ్ ఒక్క అంకె మారిస్తే కొన ఉష్ణోగ్రత సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుందని ప్లగ్గులు చేసే ఎన్‌జీకే కంపెనీ చెబుతుంది, కాబట్టి ఒక మెట్టు అంటే చిన్న మార్పు కాదు.

మరి ఎప్పుడు కోల్డ్ వైపు దిగాలి? అసలు పవర్ మీద ప్రతి 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరుగుదలకు ఒక మెట్టు అనేది ప్లగ్గుల కంపెనీలే చెప్పే లెక్క. 1.8టీకి మామూలు రీమ్యాప్ చేయిస్తే పెరిగేది నలభై, యాభై చిల్లర. ఆ లెక్క ప్రకారం ప్లగ్గు మార్చాల్సిన పనే లేదు. కానీ హైదరాబాద్ నుంచి విజయవాడకు మే నెల ఎండలో, నలుగురు మనుషులు, ఏసీ, మాటిమాటికీ ఫుల్ బూస్ట్, పోసేది 91 ఆక్టేన్ పెట్రోల్ అయితే ఒక మెట్టు కోల్డ్ వేసుకోవడం తప్పు కాదు, నేనైతే వేస్తాను. రోజూ ఆఫీసుకు పది కిలోమీటర్లు, సిగ్నల్ దగ్గర ఆగుతూ పాకుతూ పోయే బండికి రీమ్యాప్ ఉన్నా సరే స్టాక్ మెట్టే నయం. అక్కడ కోల్డ్ ప్లగ్గు 450 దాటక మసి పట్టి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో జర్మనీవాళ్ల ట్రాక్ కారుకు రెండు మెట్లు కోల్డ్ వేశారని మన ట్రాఫిక్‌లో వేసుకుంటే డబ్బు దండగ.

స్టాక్ కన్నా హాట్ వైపు మాత్రం టర్బోలో వెళ్లొద్దు. ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌లో ప్లగ్గులు తడిసిపోతున్నాయని కొందరు మెకానిక్‌లు ఒక మెట్టు హాట్ పెట్టి పంపిస్తారు. పాత కార్బ్యురేటర్ బండ్లలో నడిచిన చిట్కా అది, ఇక్కడ పిస్టన్‌తో ఆట.

డబ్బా మీద రాతలు చదవడం

1.8టీకి కంపెనీ నుంచి వచ్చిన వాటిలో బాగా తెలిసినది ఎన్‌జీకే పీఎఫ్ఆర్6క్యూ, ప్లాటినం. దాని బదులు నికెల్ కొనాలంటే బీకేఆర్6ఈ, ఒక మెట్టు కోల్డ్ కావాలంటే బీకేఆర్7ఈ. ఇరిడియంలో బీకేఆర్6ఈఐఎక్స్, బీకేఆర్7ఈఐఎక్స్. ఆ 6, 7 అంకెలే హీట్ రేంజ్, ఎన్‌జీకేలో అంకె పెరిగే కొద్దీ కోల్డ్. బీ అంటే 14 మిల్లీమీటర్ల మర, కే అంటే 16 మిల్లీమీటర్ల పానా పట్టేది, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉన్నది, ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. రెసిస్టర్ లేనిది వేయకండి, స్పార్క్ వల్ల పుట్టే కరెంటు చప్పుడు రేడియోలోకే కాదు, ఇంజిన్ కంప్యూటర్‌లోకీ దూరుతుంది.

కంపెనీ మారితే అంకెల లెక్క మారుతుంది, జాగ్రత్త. డెన్సోలో కూడా అంకె పెరిగితే కోల్డే కానీ అంకెలు వేరు, ఎన్‌జీకే 6కు దగ్గరగా 20, 7కు దగ్గరగా 22. బాష్‌లో పూర్తిగా ఉల్టా, అంకె తగ్గితే కోల్డ్. ఛాంపియన్ కూడా అంతే. "పాత దాని మీద 7 ఉందండీ, ఇదీ 7 యే" అని ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీకి పట్టుకొచ్చి ఇస్తే తీసుకోకండి. షాపువాళ్ల దగ్గర కంపెనీ కేటలాగ్ ఉంటుంది, లేకపోతే ఫోన్‌లో కంపెనీ సైటులో చూడండి, ఇంజిన్ కోడ్ కొట్టి వెతకండి, కారు పేరు కొట్టి కాదు. ఒకే పేరుతో మూడు నాలుగు ఇంజిన్లు వచ్చిన కార్లు బోలెడు.

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తా పడేది చివర్లో ఉండే అంకె దగ్గర. బీకేఆర్6ఈ అని ఒకటుంది, బీకేఆర్6ఈ-11 అని ఇంకొకటుంది. మర, పానా, హీట్ రేంజ్ అన్నీ ఒకటే, పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆ 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. టర్బో లేని కార్ల కోసం చేసింది. 1.8టీకి కావాల్సింది 0.8. కౌంటర్ వెనకాల ఉన్న అబ్బాయి "రెండూ ఒకటే సార్, అందరూ ఇదే తీసుకెళ్తారు" అంటాడు, ఎందుకంటే షెల్ఫ్‌లో అదే ఉంటుంది. అది వేసుకుని వెళ్తే ఐడిల్‌లో బండి బ్రహ్మాండంగా ఉంటుంది, మెల్లగా పోతుంటే ఏమీ తెలియదు, తొక్కితే తెలుస్తుంది.

గ్యాప్ గురించి కొంచెం వివరంగా

రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గాలి ఎంత నొక్కుకుపోయి ఉంటే స్పార్క్ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజ్ కావాలి, దూరం పెరిగినా అంతే. పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1889లో చూపించింది ఇదే, పీడనం, దూరం రెండూ కలిసి వోల్టేజ్‌ను నిర్ణయిస్తాయని. టర్బో చేసే పనే సిలిండర్‌లోకి గాలిని కుక్కడం. టర్బో లేని ఇంజిన్‌లో 1.1 గ్యాప్‌ను సులువుగా దాటే కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజ్ ఇచ్చే భాగం), ఇక్కడ పూర్తి బూస్ట్‌లో అదే గ్యాప్ దగ్గర చేతులెత్తేస్తుంది. పైగా పాత బండిలో కాయిల్ కూడా పాతదే. అందుకే ఐడిల్‌లో లేని జబ్బు ఫుల్ యాక్సిలరేటర్‌లో బయటపడుతుంది. గ్యాప్ దాటలేని ఆ వోల్టేజ్ ఊరికే ఉండదు, కాయిల్ బూటుకు (ప్లగ్గు మీద తొడిగే రబ్బరు గొట్టం) ఉన్న చిన్న పగుల్లోంచో, పింగాణీ పక్క నుంచో ఇంకో దారి వెతుక్కుంటుంది. కాయిల్ పోవడానికి సగం కారణం అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్గులే.

స్టాక్ బండికి 0.8 ఉంచండి. రీమ్యాప్ ఉండి, ప్లగ్గులూ కాయిల్సూ మంచివే అయ్యి, ఇంకా పై బూస్ట్‌లో మిస్ కొడుతుంటే 0.7కు తగ్గించండి. ముందే భయపడి 0.6కు, 0.5కు నొక్కేయకండి. గ్యాప్ మరీ చిన్నదైతే మంట మొదలయ్యే చోటు ఇరుకైపోయి ఐడిల్ గరుకుగా ఉంటుంది.

డబ్బా మీద 0.8 అని ఉన్నా నాలుగూ కొలవండి. రవాణాలో కింద పడిన ప్లగ్గు గ్యాప్ మూసుకుపోయి ఉంటుంది. నాణెంలా గుండ్రంగా, అంచు ఏటవాలుగా ఉండి, నొక్కి తిప్పే గేజ్ ఒకటి అమ్ముతారు, దాన్ని ఇరిడియం, ప్లాటినం ప్లగ్గుల దగ్గరకు రానివ్వకండి. ఎన్‌జీకే ఇరిడియం ఐఎక్స్‌లో మధ్య ఎలక్ట్రోడ్ మందం 0.6 మిల్లీమీటర్లు, డెన్సో ఇరిడియం పవర్‌లో 0.4. పెన్సిల్ ముల్లు కన్నా సన్నం. గేజ్‌తో దాన్ని ఎత్తిపెట్టారంటే చిటుక్కున విరుగుతుంది, లేదా లోపల పింగాణీకి కంటికి కనపడని చీలిక వస్తుంది. తీగలాంటి గేజ్ మెల్లగా దూర్చి చూడండి. మార్చాల్సి వస్తే పైన వంగి ఉన్న కొక్కేన్ని మాత్రమే కదపండి, మధ్యదాన్ని ముట్టుకోవద్దు. మార్పు 0.2 మిల్లీమీటర్లకు మించాల్సి వస్తోందంటే మీరు తప్పు ప్లగ్గు కొన్నారని అర్థం.

ఏ లోహం?

షాపుల్లో "కాపర్ ప్లగ్గు" అని పిలిచేదానిలో కాపర్ లోపలి గుండెలో ఉంటుంది, బయట స్పార్క్ దూకేది నికెల్ మిశ్రమం మీద. ఆ లోపలి కాపర్ ఇరిడియం ప్లగ్గులోనూ ఉంటుంది. తేడా అంతా కొన దగ్గరే. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768, ఇరిడియం 2446. అంత గట్టి లోహం కాబట్టే కొనను సన్నగా చేయగలుగుతున్నారు, కొన సన్నగా ఉంటే స్పార్క్ దూకడానికి కావాల్సిన వోల్టేజ్ కొంచెం తగ్గుతుంది, అరుగుదలా తక్కువ. ఇరిడియం వల్ల వచ్చే లాభం ఇదే. మైలేజ్ పెరుగుతుంది, పికప్ పెరుగుతుంది అని డబ్బా మీద రాసేవి పాత అరిగిన ప్లగ్గుతో పోల్చి చెప్పేవి, ఏ కొత్త ప్లగ్గు వేసినా ఆ మాత్రం తేడా తెలుస్తుంది.

నా మాట అడిగితే, కొత్తగా కొన్న పాత బండికి మొదట నికెల్ వేయండి. బీకేఆర్6ఈ నాలుగు. ఐదారు వేల కిలోమీటర్లు నడిపి తీసి చూస్తే ఇంజిన్ లోపలి కథ మొత్తం వాటి మీద ఉంటుంది, ఏదన్నా ఆయిల్ సమస్యో ఇంకోటో ఉంటే పాడయ్యేది చవక ప్లగ్గులే. అన్నీ బాగున్నాయని తేలాక ఇరిడియంకో, కంపెనీ ప్లాటినంకో వెళ్లండి. నికెల్ టర్బోలో పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లకు మించి ఉంచొద్దు, గ్యాప్ పెరిగిపోతుంది. ప్లాటినం, ఇరిడియం అయితే మాన్యువల్‌లో 60,000 అని ఉంటుంది, పాత బండికి నేను అంతదాకా ఆగను, మధ్యలో ఒకసారి తీసి గ్యాప్ చూస్తాను.

మూడు కాళ్లు, నాలుగు కాళ్లు ఉన్న ప్లగ్గులు కనిపిస్తాయి. ఒకేసారి నాలుగు స్పార్కులు వస్తాయని కాదు, ఎటు సులువైతే అటు ఒక్కటే దూకుతుంది. అరుగుదల పంచుకుంటాయి, అంతే. టర్బోకు వాటితో ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

లోహం విషయంలో ఇంజిన్ మాట వినాల్సిన సందర్భాలూ ఉన్నాయి. లారా, పాత సూపర్బ్‌లో వచ్చిన 1.8 టీఎస్ఐ, పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే ఇంజిన్, డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేది. దీనికి ఎన్‌జీకే పీఎఫ్ఆర్7ఎస్8ఈజీ, కంపెనీ నుంచే 7వ మెట్టు, గ్యాప్ 0.8. దీంట్లో 6 వేస్తే హాట్ వైపు వెళ్లినట్టు, కాబట్టి 1.8టీ లెక్కలు దీనికి తగిలించకండి. ఈ కుటుంబంలో పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగే బండ్లు ఎక్కువ, ప్లగ్గు తీసినప్పుడు మర మీద ఆయిల్ తడి కనిపిస్తే ప్లగ్గు మార్చి సంబరపడకుండా వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ తగ్గుతోందో కొలవండి. విదేశాల్లో పాత సాబ్ టర్బో ఉన్నవాళ్లుంటే వాళ్ల లెక్క ఇంకోటి, ఆ కారు స్పార్క్ అయిపోయాక అదే ప్లగ్గు గుండా చిన్న కరెంటు పంపి నాకింగ్‌ను (పెట్రోల్ అదుపు తప్పి పేలినట్టు మండడాన్ని) కనిపెడుతుంది. దానికి కంపెనీ చెప్పినది తప్ప ఇంకేదీ వేయకపోవడమే మంచిది.

డూప్లికేట్ల బెడద

ఆటోనగర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఇది తప్పదు. మరీ తక్కువ ధరకు ఇరిడియం వస్తోందంటే అది ఇరిడియం కాదు. చేతిలోకి తీసుకుని చూడండి: కింద ఉండే రింగు వాషర్ అసలు దాంట్లో మర మీద తిరుగుతుంది కానీ లాగితే ఊడి చేతికి రాదు. కొక్కెం సరిగ్గా మధ్య ఎలక్ట్రోడ్ పైకే వచ్చి ఉంటుంది, పక్కకు ఒరిగి ఉండదు. పింగాణీ మీద అక్షరాలు గోటితో గీకితే పోవు. నాలుగు ప్లగ్గులు వరసగా పెడితే నాలుగింటి కొనలూ ఒకే ఎత్తులో ఉండాలి. తల మీద ఉండే చిన్న నట్టు ఊడదీసే రకమైతే కటింగ్ ప్లయర్‌తో ఒకసారి బిగించండి, బైకులకు అది తీసేసి వాడతారు, అలా వదులైనది కారు కాయిల్ కింద పెడితే అక్కడే చిటపటలాడుతూ బూటును కాల్చేస్తుంది.

బిగించేటప్పుడు

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. హెడ్ అల్యూమినియం, వేడి మీద తిప్పితే మర ప్లగ్గుతో పాటే వచ్చేస్తుంది, ఆ ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు ఎంత. పైన ప్లాస్టిక్ కవరు తీసి, కాయిల్ కనెక్టర్ల క్లిప్పులు మెల్లగా నొక్కి లాగండి, ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ బిస్కెట్టులా విరుగుతుంది. కాయిల్ తీయగానే ప్లగ్గు తీయకండి, ఆ గుంతలోకి టార్చి వేసి చూడండి. ఇసుక, ఆకు ముక్కలు ఉంటే గాలి కొట్టించండి, లేకపోతే ప్లగ్గు తీయగానే అవన్నీ సిలిండర్‌లోకి. ఆయిల్ నిండి ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ పోయింది, ముందు అది చేయించాలి, ఆయిల్‌లో నానిన కాయిల్ బూటు మెత్తబడి కొత్త ప్లగ్గుతో కూడా మిస్సింగ్ ఇస్తుంది.

16 మిల్లీమీటర్ల ప్లగ్ సాకెట్, లోపల రబ్బరు ఉన్నది, పొడుగు ఎక్స్‌టెన్షన్. కొత్తది పెట్టేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి, రాట్చెట్ పెట్టకుండా. తిరగనంటే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. టార్క్ రెంచ్ ఉంటే 30 న్యూటన్ మీటర్లు. లేకపోతే వాషర్ హెడ్‌కు ఆనిన దగ్గర్నుంచి అర చుట్టు, మహా అయితే ముప్పావుకు కొంచెం తక్కువ, అక్కడ ఆపండి. మరకు గ్రీజు, యాంటీ సీజ్ లాంటివి పూయడం మన మెకానిక్‌లకు అలవాటు, కొత్త ప్లగ్గుల మీద ఉండే పూత ఆ పని చేస్తుంది. జారుడు పదార్థం పూస్తే అదే టార్క్‌కు ప్లగ్గు ఇంకా ఎక్కువ బిగుసుకుపోయి మర సాగిపోతుంది.

తీసిన పాత ప్లగ్గులను సిలిండర్ నంబర్ ప్రకారం వరసలో పెట్టండి, ఏది ఎక్కడిదో కలిసిపోతే వాటి విలువ సగం పోయినట్టే. లేత గోధుమ రంగు, బూడిద రంగు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. నాలుగూ పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. ఇక్కడ టర్బో బండ్లలో ఒక తిరకాసుంది, గాలి కొలిచే సెన్సార్ తర్వాత ఎక్కడో హోస్ చిరిగితే కొలిచిన గాలి బయటికి పోతుంది, కంప్యూటర్ మాత్రం అంతా లోపలికే వచ్చిందనుకుని పెట్రోల్ పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి, మనం ప్లగ్గుల్ని తిడతాం. ఇంటర్‌కూలర్ దగ్గర హోసుల కింద వేలు పెట్టి పగుళ్లు తడిమి చూడండి. ఒక్క సిలిండర్‌దే జిడ్డుగా తడిగా ఉంటే ఆ సిలిండర్ రింగులో, వాల్వ్ సీళ్లో. పింగాణీ తెల్లగా పాలిపోయి పొక్కులు వచ్చినా, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, మెరిసే సన్నటి అల్యూమినియం చుక్కలో కనిపించినా బండి ఇక తొక్కొద్దు, లోపల నాకింగ్ జరుగుతోంది, ఆ చుక్కల్లో మీ పిస్టన్ కూడా ఉంది. ఎర్రటి ఇటుక రంగు పూత ఉంటే ఎవరో ఇనుము కలిసిన ఆక్టేన్ బూస్టర్ పోశారు, అది వాడటం మానేయండి.

బయటి పింగాణీ మీద, ఇనుప భాగానికి సరిగ్గా పైన, గోధుమ రంగు మరక ఒకటి రింగులా కనిపిస్తుంది. దాన్ని చూపించి "గ్యాస్ లీకవుతోంది, హెడ్ పని ఉంది" అని భయపెట్టేవాళ్లుంటారు. అది కరోనా స్టెయిన్, ఎక్కువ వోల్టేజ్‌కు గాలిలోని దుమ్ము, ఆయిల్ ఆవిరి ఆకర్షించబడి అంటుకున్న మరక, ఏ హానీ లేదు. అదే పింగాణీ మీద పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత ఉంటే మాత్రం అది కరెంటు పక్కదారి పట్టిన గుర్తు, ఆ ప్లగ్గుతో పాటు ఆ కాయిల్ బూటు కూడా మార్చాలి.

కొత్త ప్లగ్గులతో కూడా మిస్ కొడుతుంటే

స్కానర్‌లో పీ0302 వచ్చిందనుకుందాం, అంటే రెండో సిలిండర్. రెండో కాయిల్ తీసి మూడులో, మూడోది రెండులో పెట్టి కోడ్ చెరిపి నడపండి. ఇప్పుడు పీ0303 వస్తే కాయిల్ పోయింది. రెండులోనే ఉంటే ప్లగ్గులు అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. ఈ ఇంజిన్ కాయిల్స్‌కు చరిత్రే ఉంది, అమెరికాలో ఎంతమందికి పోయాయంటే 2003లో ఫోక్స్‌వ్యాగనే ముందుకొచ్చి మార్చి ఇచ్చింది. ఒకటి పోయిందంటే మిగతావీ దాని వయసువే, కుదిరితే నాలుగూ కలిపి మార్చండి. కుదరకపోతే ఒక కొత్త కాయిల్, ఒక ప్లగ్గు, ఆ 16 సాకెట్ డిక్కీలో పెట్టుకుని తిరగండి, సూర్యాపేట దగ్గర ఆదివారం మధ్యాహ్నం 1.8టీ కాయిల్ ఏ షాపులోనూ దొరకదు.